భీమశంకరం గారి పొరపాటు శాలువాలు

భీమశంకరం గారు శాలువా కప్పారంటే అది తప్పు మనిషి మీదే పడుతుంది. అమెరికాలో మా ఊరు షామ్‌బర్గ్‌లో ఏ తెలుగువాణ్ణి అడిగినా ఈ మాటే చెబుతాడు. ఆయన కారు డిక్కీలో స్పేర్ టైరు ఉందో లేదో ఆయనకే తెలియదు గానీ, శాలువాల కట్ట మాత్రం ఎప్పుడూ ఉంటుంది. ఎక్కడ సన్మానం అన్న మాట వినబడినా చొక్కా మార్చుకుని వచ్చేస్తారు. పెద్దాయన, పైగా శాలువా ఆయనదే, కాదనడానికి ఎవరికీ నోరు రాదు. తీరా వేదికెక్కాక అసలు మనిషిని వదిలేసి పక్కవాడికి కప్పేస్తారు.

ఒకసారి మా తెలుగు సంఘం ఉగాది వేడుకకి ఓ పెద్ద కంపెనీ వైస్ ప్రెసిడెంటుని ముఖ్య అతిథిగా పిలిచాం. ఆయన శాలువా కోసం తల వంచి నిలబడ్డాడు. భీమశంకరం గారు శాలువా విప్పుకుంటూ ఆయన్ని దాటిపోయి, స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూచుని వైర్లు సరిచేస్తున్న మైకుల మనిషి కార్లోస్‌కి కప్పేశారు. సంఘం సంచికలో అచ్చయిన ఫోటోలో ఆ వైస్ ప్రెసిడెంటు చెప్పు పోయినవాడిలా నేల వెతుక్కుంటూ ఉంటాడు.

"బాబాయ్ గారూ, ముఖ్య అతిథి ఆయన కాదు కదండీ" అన్నాను తర్వాత.

"కాదా? ముందే చెప్పొద్దుటోయ్ దివాకరం. మనిషి హుందాగా ఉంటే ఆయనే అనుకున్నాను."

గుడి వంటగదికి స్టవ్‌లు కొనిచ్చిన డాక్టరు గారికి సన్మానం చేసినప్పుడూ ఇదే వరస. డాక్టరు గారు కుటుంబంతో సహా వరసగా నిలబడ్డారు. ఈయన శాలువా పట్టుకుని తిన్నగా వంటగదిలోకి నడిచారు. "అంకుల్, ఆగండి, చేతులు చింతపండు" అని నళిని గారు మొత్తుకుంటున్నా వినకుండా, పులిహోర కలుపుతున్న ఆవిడకే కప్పి దణ్ణం పెట్టి వచ్చారు. ఆ శాలువాకి ఇప్పటికీ పోపు వాసన పోలేదని ఆవిడ చెబుతుంటుంది.

పాపం చూపు ఆనడం లేదని అందరం తీర్మానించుకున్నాం. ఆ సంగతి మెల్లగా ఆయన భార్య శేషమ్మ గారి చెవిన వేశాను. ఆవిడ కంది పప్పు చెరుగుతూ, "ఏమో నాయనా, పప్పులో మట్టిబెడ్డ మాత్రం ఆయనకి వీధిలోంచే కనిపిస్తుంది" అంది. అది భార్యాభర్తల పేచీ అనుకుని నేను పట్టించుకోలేదు.

ఇంతలో ఆయన మనవరాలు మేధ ఫెన్సింగ్‌లో చేరింది. పెరటికి కంచె వేసే విద్యకి ఫీజు కట్టడమేమిటని శేషమ్మ గారు మొదట్లో చాలా బాధపడింది. అది కంచె కాదు, కత్తిసాము అని భీమశంకరం గారు తేల్చి, మనవరాలి వెంట క్లబ్బుకి వెళ్ళడం మొదలుపెట్టారు. మా అమ్మాయి హంసిక కూడా అక్కడే నేర్చుకుంటోంది కాబట్టి అక్కడి సన్మానాలకీ నేనే సాక్షిని. ఓ పోటీలో మేధ గెలిచింది. తాతగారు శాలువా తీసుకెళ్ళి ఆమె చేతిలో ఓడిపోయి మూల కూచున్న పిల్లకి కప్పారు. చలికి తెచ్చారనుకుని ఆ పిల్ల తల్లి ఆయనకి వేడివేడి కాఫీ కొనిచ్చింది.

మేధ పెద్దదయింది, జాతీయ పోటీల్లో పతకం తెచ్చింది. దాంతో క్లబ్బు వాళ్ళు ఓ ఆదివారం మధ్యాహ్నం గొప్ప ఫెన్సర్లకీ కోచ్‌లకీ గౌరవసభ పెట్టారు. క్లబ్బులో ఒక గోడ ఉంది. పతకం తెచ్చిన పిల్లల ఫోటోలు, పక్కన వాళ్ళ కోచ్‌ల ఫోటోలు ఆ గోడకెక్కుతాయి. పతకం వచ్చిన రోజున ఎవరు కోచ్‌గా ఉంటే వాళ్ళ ఫోటోయే పెడతారు, అది అక్కడి రూలు. అందుకని సగం గోడ మీద హెడ్ కోచ్ గ్రెగ్ నవ్వుతుంటాడు. ఆయన నిజంగా మంచి కోచే, అందులో అనుమానం లేదు.

వాల్టర్ అని ఇంకో ముసలి కోచ్ ఉన్నాడు. కొత్తగా చేరిన పిల్లలకి కత్తి ఎలా పట్టుకోవాలో, కాళ్ళు ఎలా కదపాలో నేర్పేది ఆయనే. పిల్లలు కాస్త కుదురుకోగానే గ్రెగ్ దగ్గరికి వెళ్ళిపోతారు. కాబట్టి ఏ పతకం వచ్చిన రోజునా వాల్టర్ కోచ్‌గా లేడు, గోడ మీదా లేడు. ఆ వారమే ఆయన అరిజోనాలో కూతురి దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు. క్లబ్బులో అదే ఆయన ఆఖరి రోజు. ఆ సంగతి ప్రోగ్రాంలో వెయ్యాలని ఎవరికీ తట్టలేదు. ఆయనేమో వెనక వరసలో కూచుని జూనియర్ల మాస్కులు తుడుస్తున్నాడు.

పేరెంట్స్ కమిటీ పెద్ద శశికాంత్ నన్ను పక్కకి లాగాడు.

"దివాకర్ గారూ, గ్రెగ్‌కి శాలువా అంకుల్ కప్పుతానంటున్నారు. మేధ వాళ్ళ తాతగారు, నో చెప్పలేం. మీరు ఆయన ఎల్బో పట్టుకుని స్ట్రెయిట్‌గా గ్రెగ్ దగ్గరికి తీసుకెళ్ళండి. వదలొద్దు."

"ఆయన వింటారంటారా?"

"నావిగేషన్ మీది. రూట్ మారిందంటే గ్రెగ్ హర్ట్ అవుతాడు."

సభ మొదలైంది. భీమశంకరం గారు మైకు అందుకుని తన ఇంగ్లీషు విప్పారు. "టుడే వియ్ ఆర్ హానరింగ్ ది గురువు. మై గ్రాండ్‌డాటర్ చేతిలో కత్తి పెట్టిన గురువు." అందరూ చప్పట్లు కొట్టారు. గ్రెగ్ లేచి, ఎవరు నేర్పారో గానీ, శాలువాకి వీలుగా తల వంచాడు.

నేను మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "ఎడమకండి బాబాయ్ గారూ" అన్నాను.

"కత్తిసాములో ఎడమ వేరోయ్" అంటూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. ఇన్నాళ్ళూ క్లబ్బులో కూచుని ఆయన నేర్చుకున్న విద్య అదన్నమాట. నేను ముందుకి తూలాను. నా చేతిలో ఆయన చొక్కా బొత్తాం ఒకటి మిగిలింది. ఆయన గ్రెగ్ వంచిన తల పక్కనించి, కుర్చీల మధ్యనించి, వెనక వరస దాకా వెళ్ళిపోయి శాలువా తీసి వాల్టర్ భుజాల మీద కప్పారు. శశికాంత్ కళ్ళు మూసుకున్నాడు.

మేధ పరుగెత్తుకెళ్ళింది. "తాతయ్యా, రాంగ్ పర్సన్. కోచ్ గ్రెగ్ అక్కడ ఉంది, ఇక్కడ కాదు" అని తన అమెరికా తెలుగులో చెప్పి చెయ్యి చూపించబోయి, వాల్టర్ మొహం చూసి ఆగిపోయింది. ఆయన తుడుస్తున్న మాస్కు ఒళ్ళో పెట్టుకుని, శాలువా అంచు వేళ్ళతో తడుముతూ ఏం చెయ్యాలో తెలియక కూచున్నాడు. మేధ వెనక్కి వెళ్ళి కత్తి తెచ్చుకుంది. ఆయన ఎదురుగా నిటారుగా నిలబడి, ఆటకి ముందు చేసే సెల్యూట్ చేసింది. ఆమె పక్కన మా హంసిక నిలబడింది. చూస్తుండగానే హాల్లో కత్తి పట్టుకున్న పిల్లలందరూ వరస కట్టారు.

వాల్టర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వరసంతా ఒకసారి చూశాడు.

"ఎల్బోస్" అన్నాడు.

పిల్లలందరి మోచేతులూ ఒక్కసారి కిందికి దిగాయి, పతకం తెచ్చిన మేధ మోచెయ్యితో సహా. హాలంతా నవ్వుతో నిండిపోయింది. అందరికంటే ముందు చప్పట్లు మొదలుపెట్టింది గ్రెగ్. ఆ తర్వాతి వారమే గోడ మీది ప్రతి ఫోటో కిందా 'మొదటి పాఠం: వాల్టర్' అని అక్షరాలు వెలిశాయి.

సభ అయ్యాక భీమశంకరం గారిని పార్కింగ్ లాట్‌లో నిలదీశాను. "బాబాయ్ గారూ, నిజం చెప్పండి. మీ చూపు బాగానే ఉంది కదూ?"

ఆయన ఊడిన బొత్తాం నా చేతిలోంచి తీసుకుని జేబులో వేసుకున్నారు. "శుభ్రంగా ఉంది. పతకం వచ్చినవాడికి శాలువా ఎందుకోయ్? వాడికి పతకం ఉందిగా."

"మరి ఆ మాటే చెప్పి కప్పొచ్చు కదండీ. ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వుతున్నారు."

"తెలిసి కప్పానంటే తల వంచుకు నిలబడ్డ పెద్దమనిషి నొచ్చుకుంటాడు. ముసలాడు పొరబడ్డాడంటే ఆయనా నవ్వేసి ఊరుకుంటాడు. ఇద్దరికీ మర్యాద దక్కుతుంది. నవ్వితే నాకేం పోయింది?"

శాలువా కప్పించుకున్నవాళ్ళని చాలామందిని చూశాను గానీ, కప్పుతూ కప్పుతూ వెర్రివాడన్న పేరు తన నెత్తిన వేసుకున్న మనిషిని మాత్రం ఈయననే చూశాను.

అప్పుడే శశికాంత్ రొప్పుతూ వచ్చాడు. "అంకుల్, ఈసారికి బాగానే వర్కౌట్ అయింది. కానీ నెక్స్ట్ ఇయర్ నుంచి రిస్క్ వద్దు. శాలువా దివాకర్ గారు కప్పుతారు. ఆయనైతే కరెక్ట్‌గా చూసి కప్పుతారు."

పెద్దాయన మనసు ఎక్కడ కష్టపడుతుందోనని నేను బిక్కచచ్చిపోయాను. భీమశంకరం గారు మాత్రం డిక్కీ తెరిచి శాలువాల కట్టంతా తీసి నా చేతుల్లో పెట్టారు.

శశికాంత్ వెళ్ళిపోయేదాకా ఆగి, "మంచిదేనోయ్ దివాకరం" అన్నారు. "ఒక్కణ్ణే ఎంతకని పొరబడను?"