నెయ్యి తిన్న కాలు

నరసాపురంలో ఉదయం ఆరు దాటాక రైలెక్కాం, నేనూ మా పెద్ద తోడికోడలు వరలక్ష్మక్కా. ఇద్దరికీ బోదకాలే. ఈ ఏడాది ఆమె కాలు బాగా తగ్గింది, నాది తగ్గలేదు. వచ్చే శుక్రవారం మా అన్నయ్య కూతురి పెళ్లి పేరంటం. అక్కడ ముత్తయిదువులందరి కాళ్లకీ పసుపు రాస్తారు. నలుగురిలో ఈ కాలు ఎలా చాపాలా అని నాకు నిద్ర పట్టడం లేదు. అందుకే రాజమండ్రి పెద్దాసుపత్రికి బయలుదేరాను. అటు వెళ్లేవాళ్లు ఈ రైలే పట్టుకోండి, ఓపీ చీటీ తొందరగా దొరుకుతుంది.

భీమవరంలో ఇడ్లీలు కొనుక్కున్నాం. ఎదురు సీటులో ఒకావిడ పట్టీల కాళ్లు ఆడిస్తూ కూర్చుంది. నా చూపు అక్కడే ఉండిపోయింది.

"ఏంటండీ, పట్టీలు నచ్చాయా?" అని అడిగింది.

"బాగున్నాయండి" అన్నాను. నాకు నచ్చింది పట్టీలు కాదు, ఆవిడ మడమలు.

కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి తొమ్మిదిన్నర. అందరూ గోదావరికి దణ్ణం పెట్టుకుంటుంటే నేను అక్క కాలు చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మది మా పక్కూరే. "రక్తనాళాలు పంట కాలువలనుకోండి, లింఫ్ నాళాలు మురుగు కాలువలు. ఫైలేరియా పురుగు మీ మురుగు కాలువని పాడుచేసింది. అందుకే నీరు తీయడం లేదండి" అంది.

"కొత్త కాలువలు పుట్టవాండి?"

"పుట్టాలంటే వాటి కణాలకి తిండి కావాలి. రక్తనాళాల కణాలు ఎక్కువగా చక్కెర ఖర్చుపెట్టుకుని పెరుగుతాయి. లింఫ్ నాళాల కణాలకి కొవ్వు కూడా కావాలి. కొవ్వు ఎక్కువున్న ప్రత్యేకమైన తిండి పెడితే ఎలుకల్లో ఆ నాళాలు పెరిగి వాపు తగ్గిందట. మనుషుల్లో ఇంకా తేలలేదు."

ఎలుకల మీద కుళ్లుకోవడం నాకదే మొదటిసారి. అంతలో ఇంకోటి తట్టింది. మా అత్తగారు పెద్దకోడలి కంచంలో నెయ్యి ధారగా పోసేవారు, నా కంచంలో చుక్క విదిలించేవారు.

"మా అక్క నెయ్యి తిని బాగుపడిందండి" అనేశాను.

డాక్టరమ్మ నవ్వాపుకుంది. "ఆ తిండి వేరండి. నెయ్యి తాగేయకండి. రోజూ కాలు కడిగి, తడి లేకుండా తుడిచి, కట్టు కట్టుకోండి. పడుకున్నప్పుడు ఎత్తులో పెట్టుకోండి. పోయినసారీ ఇదే చెప్పాను."

నా మనసు ఒప్పుకోలేదు. మధ్యాహ్నం హోటల్లో పప్పన్నంలోకి రెండుసార్లు నెయ్యి వేయించుకున్నాను. అక్క వద్దంది.

మూడింటికి తిరుగు రైలెక్కాక అడిగేశాను. "అక్కా, అత్తగారి నెయ్యే కదూ?"

"ఆ నెయ్యి నేనెక్కడ తిన్నానే, పిల్లల అన్నంలో కలిపేసేదాన్ని" అంటూ పాదాలు కప్పేసిన చీర కాస్త పైకి తీసింది. పాదం నుంచి మోకాలి దాకా బిగువైన కట్టు. "రోజూ మీరెవరూ లేవకముందే కట్టుకుంటాను. నీ కాలు ఇటు పెట్టు."

పెద్దదాని ఒళ్లో కాలు పెట్టడమేంటని వెనక్కి లాక్కున్నాను. ఆమె వంగి, నా కాలు తనే ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. సంచిలోంచి ఇంకో కట్టు తీసి చుట్టడం మొదలుపెట్టింది. పెట్టెలో అందరూ చూస్తున్నారు.

"శుక్రవారం ఆ కాసేపూ కట్టు విప్పి నా పక్కన కూర్చో. ముందు నీ కాలికే పసుపు రాయమంటాను" అంది.

నెయ్యి సంగతైతే ఎలాగో సరిపెట్టుకునేదాన్ని. ఈ మంచితనం కూడా దేవుడు ఆమెకే ఎందుకిచ్చాడా అని నరసాపురం దాకా కుళ్లుకుంటూనే ఉన్నాను. కాలు మాత్రం ఆమె ఒళ్లోంచి తీయలేదు.