తొడుక్కుని ఆడాల్సిన బొమ్మ

బ్రెజిల్‌లో కొందరు కళాకారులు బొమ్మను గోడకు తగిలించడం మానేసి, గుడ్డలతో పొడవాటి అంగీలు కుట్టారట. చూడ్డానికొచ్చినవాళ్లే వాటిని తొడుక్కుని ఆడాలి. ఎవరూ ఆడకపోతే అది ఉత్త గుడ్డే. ఫోన్లో ఆ వీడియోలు చూసి నాకు పిచ్చెక్కింది. గురజాలలో డ్రాయింగ్ టీచర్‌ని, ఏడాదంతా పిల్లలచేత మామిడికాయలు గీయించి విసిగిపోయినదాన్ని, ఎక్కదా మరి!

వీధంతా తిరిగి పాత బట్టలు అడుక్కొచ్చాను. కుట్టడానికి పక్కింటి పెద్దమ్మ సాయమొచ్చింది. అంతకుముందు ఏడాది ఆమె కొడుకు కాలవలో శవమై తేలాడు. ఇంట్లో గొడవపడి వెళ్లాడు. జారిపడ్డాడో, దూకాడో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ ఆ మాటే ఎత్తేది కాదు. తలొంచుకుని కుట్టుకుంటూ పోయేది.

ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఖాళీగా ఉన్న పత్తి గోడౌన్‌లో అంగీని వేలాడదీసి, డప్పు వాయించే ఆయన్ని పిలిపించాను. జనం వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. తొడుక్కోండమ్మా అని బతిమాలితే ఒక్కరు కదిలితే ఒట్టు! ఒళ్లుమండి నేనే తొడుక్కుని, డప్పుకి గిర్రున తిరిగాను. జుట్టు ముడి ఊడిపోయింది.

మా పల్నాడులో డప్పుకి ఆడమనిషి జుట్టు విరబోసుకుని ఊగితే దాన్ని డాన్స్ అనుకునేవాళ్లు లేరు. ఎవరో నా పాదాల మీద బిందెడు నీళ్లు కుమ్మరించారు. ఇంకెవరో కర్పూరం వెలిగించారు.

"ఒంటిమీదికి ఎవరొచ్చారో అడగండే!" అని ఒక ముసలామె అరిచింది.

నాకు నవ్వొచ్చింది. ఓరి దేవుడా, బ్రెజిల్ ఎక్కడ, ఈ కర్పూరం ఎక్కడ!

అంతలో పెద్దమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది.

"నీ చొక్కా ఈ అంగీకి లోపలేపు నేనే కుట్టాన్రా అయ్యా. నువ్వొస్తావనే కుట్టా. చెప్పు, కాలు జారిందా, నువ్వే దూకావా?"

డప్పు ఆగిపోయింది. వీపుకి ఆనిన గుడ్డ తడిగా, చల్లగా తగిలింది. నీళ్లు పోసింది పాదాల మీద కదా! చచ్చేంత భయమేసింది నాకు.

"జారిందే అమ్మా. గట్టంతా పాచి," అంది నా నోరు. గొంతు బొంగురుగా ఉంది.

పెద్దమ్మ అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "బతికించావురా, నన్ను చానా బతికించావు," అంటూనే ఏడ్చింది. ఆడవాళ్లు ఆమెను పొదివి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు.

ఆమె మనసు కుదుటపడాలని భలే అబద్ధం ఆడావని మా స్కూల్లో టీచర్లు ఇప్పటికీ మెచ్చుకుంటుంటారు.

ఆ రోజు నేను నోరు తెరిచింది మాత్రం, "పెద్దమ్మా, నేను వాణ్ణి కాదు" అని చెప్పడానికి.