వాన పాఠం

తిరుత్తణిలో బస్సెక్కాక పక్క సీటు పెద్దాయన సంచిలోంచి రెండో తరగతి తమిళ పుస్తకం తీసి నా చేతికిచ్చాడు.

"అమ్మా, నాకు అరవం మాట్లాడేది వస్తాది, చదివేది రాదు. సాయంత్రం మనవరాలికి ఈ వాన పాఠం చెప్పియ్యాల. నువ్వు మెల్లిగా చదువు, నేను తెలుగు అక్షరాల్లో రాసుకుంటా. తాతకి చదవను రాదని ఆ బిడ్డకి తెలీకూడదు."

నేను ఒక్కో వాక్యం చదివి ఆగాను. బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నా ఆయన ఒక్క మాట వదల్లేదు.

కనకమ్మ సత్రం ఊరి స్టాపులో దిగబోతూ అడిగాడు: "మీ ఇంట్లో బిడ్డలకి నువ్వే చెప్తావా?"

అవునన్నాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే.

ఇప్పటికీ వాన మొదలైతే ఆ పాఠం పైకి చెబుతాను, వాక్యం వాక్యానికీ ఆగుతూ, ఎవరో రాసుకుంటున్నట్టు.