జెనోవా బండికి గురువారం బెర్తు

మొన్న మా చెల్లెలి మనవరాలు యూరపు యాత్రకు బయలుదేరుతూ, తిరుపతిలోని ఏజెంటు ఇచ్చిన రైలు టికెట్లను నా ముందు పెట్టి, తేదీలన్నీ ఒకసారి సరిచూడమంది. ఏ లెక్కనైనా రెండుసార్లు చూడనిదే వదలనివాడినని మా ఇంట్లో నాకొక పేరుంది. పెన్సిలుతో ఒక్కొక్క వరుసకూ గుర్తు పెట్టుకుంటూ పోయినవాణ్ణి, అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలకు వియన్నాలో కదిలే స్లీపరు బండి దగ్గర ఆగిపోయాను. తేదీ సరిగ్గానే ఉంది. అయినా, ఏ సాయంత్రం స్టేషనుకు వెళ్తావని ఆ అమ్మాయిని మూడుసార్లు అడిగాను. మూడోసారికి నావంక జాలిగా చూసింది. గంటల చోట సున్నాతో మొదలయ్యే అటువంటి వేళే ఒకటి నా ఉద్యోగజీవితాన్ని మొదట్లోనే మలుపు తిప్పబోయిందని ఆమెకు తెలియదు.

స్వాతంత్ర్యం వచ్చిన రెండో ఏటి చలికాలమది. చిత్తూరులో విద్యుత్తు లైన్లు వేయించే సూపర్వైజరుగా చేరి మూడేళ్ళయిన నన్ను, టర్బైన్ల పని నేర్చుకునేందుకు ఇంగ్లండులోని ఒక కర్మాగారానికి ఎంపిక చేశారు. ఫలానా సోమవారం ఉదయానికి హాజరు కానివారి స్థానం జాబితాలో తరువాతివారికి పోతుందని ఉత్తరంలో స్పష్టంగా రాశారు. ఇంగ్లండు వరకూ ఓడలోనే పోతే ఆ సోమవారం దాటిపోతుంది. బొంబాయిలో ఓడ ఎక్కి, ఇటలీలోని జెనోవా రేవులో గురువారం మధ్యాహ్నం దిగి, ఆ రాత్రి పన్నెండు దాటి ఇరవైఐదు నిమిషాలకు పారిస్ వెళ్ళే స్లీపరు బండి అందుకుంటేనే నేను సకాలంలో చేరగలను. అంతేకాదు, తేదీ వేసిన బెర్తు చీటీ చూపితేనే ఫ్రాన్సు దాటే అనుమతి ముద్ర వేస్తారని మద్రాసు ఏజెంటు రాశాడు. అంటే నా చదువూ, భవిష్యత్తూ ఆ ఒక్క చీటీ మీద నిలబడి ఉన్నాయి.

ఆ ఏజెంటు పంపిన కాగితాలు మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదంటే అతిశయోక్తి కాదు. ప్రయాణానికి ఒక టికెట్టు, పడుకోవడానికి మరొక చీటీ ఎందుకో తెలియలేదు. ముగ్గురు మూడంతస్తులుగా పడుకునే గదిలో తక్కిన ఇద్దరూ ఎవరన్నది ముందుగా చెప్పరట. రెవెన్యూ కచేరీలో రికార్డు కీపరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా నాయన, రాత్రి పాస్‌పోర్టును బండిలోని ఉద్యోగికి అప్పగించి పడుకోవాలన్న వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ముఖ్యమైన కాగితాన్ని రసీదు లేకుండా ఇవ్వడం ఆయన సర్వీసులో ఏనాడూ ఎరగరు. అమ్మ బాధ వేరు. పరుపూ కంబళీ వాళ్ళే ఇస్తారంటే ఆమె నమ్మలేదు. "ఎవురు పండుకొని లేసిన పరుపో ఏమో! బొంత ఒకటి సుట్టి ఇస్తా, దానికేమన్నా తిండి పెట్టల్లనా?" అంటూ కట్టనే కట్టింది.

ఈ గందరగోళాన్నంతా ఒక క్రమంలో పెట్టడానికి, నేను నేర్చిన విద్య ప్రకారం గళ్ళ కాగితం తీసుకుని ప్రయాణమంతా పటంగా గీశాను. అడ్డంగా రోజులు, నిలువుగా దూరం. బండ్లకు నల్ల సిరా, ఓడకు నీలి సిరా. అంచున మన గడియారం, మనకంటే నాలుగున్నర గంటలు వెనకబడిన ఇటలీ గడియారం, అంతకు మరో గంట వెనకబడిన ఇంగ్లండు గడియారం. పక్కన నాయన పంచాంగం విప్పుకుని ఒక్కొక్క రోజుకూ తిథీ నక్షత్రమూ చెబుతూ ఉంటే, వాటినీ పైన రాశాను. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. శుక్రవారం పడమటికి వారశూల. ఆ రోజు మాత్రం పడమటి దిక్కుకు ప్రయాణం కట్టకూడదు. పటం చూస్తే జెనోవా బండి గురువారం గడిలోనే ఉంది. ఇద్దరమూ తృప్తిపడ్డాం. గురువారం బెర్తు కావాలని ఏజెంటుకు అందమైన దస్తూరితో రాశాను, వారం తిరిగేసరికి గురువారానికే బెర్తు ఖాయమైందని జవాబు వచ్చింది.

బొంబాయి బండి ఎక్కడానికి ఇంకా తొమ్మిది రోజులుండగా, అమ్మ మొక్కు ప్రకారం తలనీలాలు ఇవ్వడానికి ముగ్గురం తిరుపతి వెళ్ళి మేనమామ ఇంట్లో దిగాం. మామ అక్కడి రైల్వే స్టేషనులో టికెట్లిచ్చే గుమాస్తా. కొండ దిగి వచ్చిన పూట, గుండుమీది గంధం ఇంకా ఆరకముందే, పటాన్నీ బెర్తు కాగితాన్నీ ఆయన ముందు కొంత గర్వంగానే పరిచాను. పటం వైపు చూడనైనా చూడక, ఆయన కాగితాన్నే వెలుతురుకు పట్టి చదివారు.

"ఏమిరా అల్లుడా, నీ పడవ గట్టు సేరేది గురువారం మద్దేనమంటివి. ఈ బండి గురువారం పుట్టిన ఇరవైఐదు నిమిషాలకే ఎల్లిపోతాది. సముద్రంలోనించి ఈదుకుంటా వచ్చి ఎక్కుతావా?"

"దినం తెల్లారితే గదప్పా పుట్టేది," అన్నారు నాయన.

"అది నీ పంచాంగంలో బావా. రైలోళ్ళకు రాత్రి పన్నెండు కొడితేనే తెల్లారినట్టు. కొండకు వచ్చినోళ్ళు అర్ధరాత్రి బండికి ఒక దినం ఆలిస్యంగా వచ్చి నా కిటికీ కాడ ఏడ్సేది నేను సూడని వారం లేదు. మన ఇంజినీరు గూడా వాళ్ళలో కలిసిపోయినాడు సూడు!"

పటాన్ని మళ్ళీ చూసుకున్నాను. నేను గీసిన ప్రతి రోజూ సూర్యోదయంతో మొదలై సూర్యోదయంతో ముగుస్తోంది. నాయన చెబుతున్న తిథులకు సరిపోయేటట్టు, పుట్టినప్పటినుంచీ ఇంట్లో విన్న లెక్కలో, రాత్రిని ముందురోజుకు కలిపి గడులు కొట్టాను. గీత ఎక్కడా వెంట్రుకవాసి వంకర పోలేదు. కాగితం మొత్తమే తప్పు. కర్మాగారంలో నా స్థానం తరువాతివాడి చేతిలోకి పోతున్నట్టే కనిపించింది.

"అయితే శుక్రవారమని రాయల్లనా?" అని నాయన మెల్లగా అడిగారు. రాయవలసిందేనన్నారు మామ. నేను తొందర తొందరగా లెక్క కట్టి, అక్కడ బండి కదిలే వేళకు చిత్తూరులో నాలుగు గంటల యాభైఐదు నిమిషాలవుతుందనీ, ఇక్కడ కూడా అప్పటికి సూర్యుడు ఉదయించడు గనుక మన లెక్కకు అది గురువారమేననీ నచ్చజెప్పబోయాను.

"లెక్క బాగానే ఉండాది," అన్నారు నాయన. "తెల్లారినాక బండి ఆడ్నే నిలబడి ఉంటాదా నాయనా? శుక్రవారమంతా పడమటికే గదా పోయేది."

నేను పటాన్ని మడిచేశాను. తరువాత మామ స్టేషనునుంచి తెచ్చిన టెలిగ్రాం కాగితాన్ని నేను అందుకోబోతుంటే, నాయన చేయి చాచారు.

"ఇట్లియ్యి. నువ్వు రాస్తే మళ్ళా తప్పు రాస్తావు."

తన కచేరీ దస్తూరిలో ఒక్కొక్క ఆంగ్లాక్షరమే దిద్ది, శుక్రవారం బెర్తు కావాలని ఆయనే రాసి, ఆయనే సంతకం చేసి ఇచ్చారు. మూడు రోజుల తరువాత మద్రాసునుంచి జవాబు వచ్చింది: పాత బెర్తు రద్దయింది, శుక్రవారానికి పై బెర్తు దొరికింది. బొంబాయిలో ఆ చీటీ చూపి ఫ్రాన్సు ముద్ర వేయించుకున్నాను. అమ్మ కట్టిన బొంతతో సహా ఆ బెర్తు ఎక్కాను. సోమవారం ఉదయం కర్మాగారం ద్వారం దగ్గర నిలబడ్డాను. క్షేమంగా చేరానని తంతి ఇచ్చాను.

ఏడాదిన్నర తరువాత ఇల్లు చేరినప్పుడు అమ్మ చెప్పిన సంగతి ఇది. మా నడవలో రోజుకొక కాగితం చించే క్యాలెండరు ఉండేది; స్నానం చేసి వచ్చి దాన్ని చించడం నాయన పని. నా బండి కదిలిన ఆ తెల్లవారుజామున లేచి, గడియారం చూసి, స్నానం చేసి వచ్చి కూడా ఆయన గురువారం కాగితాన్ని చించలేదట. మరునాడూ చించలేదు. మంగళవారం నా తంతి అందాక, ఐదు కాగితాలూ కలిపి ఒక్కసారిగా చించారట. నేను శుక్రవారమంతా ఫ్రాన్సులో పడమటికి పోతూ ఉంటే, చిత్తూరులో మా ఇంట్లో ఇంకా గురువారమే నడిచింది. ఆయన బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట నాతో అనలేదు, నేనూ అడగలేదు.

ఈ రోజుల్లో టికెట్లలో అటువంటి తప్పులు పడడం చాలా అరుదు. ఏ రోజు ఎక్కడ మొదలవుతుందో యంత్రాలే చూసుకుంటాయి. ప్రయాణికుడు ఒక్కడికి తెలిస్తే చాలు, ఇంట్లో తక్కినవారికి బండి వేళతో పనే లేదు. ఒక్కడి ప్రయాణానికి ఇల్లంతా కాగితాల చుట్టూ కూర్చుని తికమకపడడం పోయింది. తప్పులు తగ్గినందుకు నావంటివాడు సంతోషించవలసిందే. తికమక పోయినందుకు ఏమనుకోవాలో మాత్రం, ఎన్ని విధాల లెక్క కట్టినా నాకు తేలడం లేదు.