కిటికీ తెరుచుకోని బండి

మా వదిన పైడమ్మకి నీటికాసులు. కుడికన్ను పోయిన ఏడే పోయింది. ఎడమకంట్లో మిగిలిన చూపు ఉంగరంలోంచి చూసినంతే. ఎదురుగా ఉన్న ఒక్క ముక్క కనపడుతుంది, చుట్టూ అంతా చీకటి. ఈ వానలు వెళ్ళేసరికి అదీ మూసుకుపోవచ్చని, పోయిన చూపు ఏ ఆపరేషనుకీ తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. పక్కనే కూర్చుని వదిన అంతా వింది. ఇంటికొచ్చాక నన్ను ఒక్కటే అడిగింది. "ఒలే సింవాచలం, ఒక్కపాలి గుండ్రం రైలెక్కించి లైనమ్మని సూపించీవే. ఆ తర్వాత సీకటైపోతే అయిపోనీ." అందుకు బయల్దేరిన ప్రయాణం ఇది. పెద్దవాళ్ళని తీసుకుని ఆ రైలెక్కాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు, తప్పులుంటే సర్దుకోండి.

బర్మాలో యాంగోన్, అదే పాత రంగూన్, ఊరి చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే బండిని మా వాళ్ళు గుండ్రం రైలంటారు. తెల్లవాళ్ళ కాలంలో వేసిన సన్న పట్టాలు. చుట్టంతా తిరగడానికి మూడు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఊరు చూడడానికి వచ్చినవాళ్ళు ఫొటోల కోసం ఎక్కుతారు. మాకు ఆ బండితో సంబంధం వేరు. శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చిన మా మామగారు, ఆయన గ్యాంగు ఆ పట్టాల కింద కంకర కొట్టినవాళ్ళు. ఇన్సేన్ దాటాక, స్టేషను లేని చోట, కట్ట పక్కన వాళ్ళే ఒక రాయి నిలబెట్టి పసుపు పూసి లైనమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆమె దిగి మొక్కే అమ్మ కాదు, పోతూ మొక్కే అమ్మ. బండి కదులుతుండగానే కిటికీలోంచి పసుపుకొమ్ము విసరాలి. మొక్కు చేతిలో పట్టుకుని విసరకుండా దాటిపోతే మళ్ళీ ఏడాదిదాకా ఆమెకి ఎదురు వెళ్ళకూడదు. మా ఇంటికొచ్చిన ప్రతి కోడలూ అలా విసిరాకే కాపురం పెట్టింది. నేనూ అంతే. మా ఆయనకి అక్క కాబట్టి, ఆ రోజు నా చేతికి కొమ్ము ఇచ్చింది పైడమ్మ వదినే.

మేముండేది యాంగోన్‌కి నది అవతల, తన్లిన్‌లో. పొద్దున్న ఆరింటికి బస్సెక్కాం. పొట్లం కట్టిన పులిహోర, నీళ్ళ సీసా, గొడుగులు రెండు, కంటి చుక్కలు, నమలడానికి శొంఠి, ఇద్దరి గుర్తింపు కార్డులు పెట్టుకున్నాను. కార్డులున్నాయో లేవో దారిలో ఎన్నిసార్లు తడిమి చూసుకున్నానో. వంతెన దగ్గర సిపాయిలు బస్సు ఆపి కార్డులు చూస్తారు, మాలాంటి ముసలివాళ్ళని అడగరు గానీ నా మనసు ఊరుకోదు. ఆ రోజూ మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఊరి నడుమ సూలే దగ్గర దిగేసరికి వాన మొదలైంది. స్టేషను నడిచే దూరమే అయినా వదిన జారుతుందని టాక్సీ పిలిచాను. పెట్రోలు దొరకడం లేదని డ్రైవరు కో తున్ బస్సుకి పెట్టినదానికి పదింతలు అడిగాడు. మీరు వెళ్ళేటప్పుడు వాన లేకపోతే నడవండి.

"గుండ్రం రైలుకా అఫ్వా?" అన్నాడతను. అఫ్వా అంటే బర్మా మాటలో అవ్వ. "ఎక్కిన చోటే దిగడానికి డబ్బులెందుకు దండగ? నాకిస్తే ఇక్కడే నాలుగు చుట్లు తిప్పుతాను కదా."

వదినకి బర్మా మాట నాకంటే బాగా వచ్చు. "నీ బండికి కిటికీ అద్దం దిగుతాదేటి?" అని అడిగింది.

"దిగదు అఫ్వా. హాండిలు విరిగిపోయింది."

"అయితే నువ్వొద్దు నాయనా," అంది. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు, తడి రోడ్డు మీద అతను వెనక్కి తిరిగి మాట్లాడుతున్నాడని భయపడుతున్నాను. ఆ నవ్వులో నేను వినవలసిన మాట ఉంది. అప్పుడు నా చెవికెక్కలేదు.

టికెట్టు ఖరీదు గురించి బెంగపడకండి, గ్లాసు టీ కన్నా తక్కువే. అసలు సంగతి ఏ బండి ఎక్కాలన్నది. ఈ పట్టాల మీద ఇప్పుడు రెండు రకాలు నడుస్తున్నాయి. ఒకటి పాత పెట్టెలది. పొడవాటి బల్లలు, అద్దాల్లేని కిటికీలు, గాలీ వానా దుమ్మూ అన్నీ లోపలికే. రెండోది కొత్త ఏసీ పెట్టెలది. మెత్తటి సీట్లు, తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. మా వీధిలో నేను అడిగినవాళ్ళందరూ ఏసీదే ఎక్కమన్నారు. పెద్దవాళ్ళు కదా అన్నారు. వాళ్ళెవరూ లైనమ్మని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు కారు. ఆ సంగతి తెలిసిన నేనూ వాళ్ళ మాటే పట్టుకున్నాను.

ఎనిమిది దాటాక కెమ్మెండైన్ మీదుగా వెళ్ళే పాత బండి వచ్చింది. ఇన్సేన్‌కి అటు నుంచే దగ్గర. గోంగూర కట్టలమ్ముకునే దో మ్యా అనే ఆవిడ మాతో పాటే ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉంది. ముందుగా ఎక్కి, ఖాళీ గంప కాలితో పక్కకి తోసి, ఎడంవైపు కిటికీ దగ్గర ఇద్దరికి చోటు చేసింది. "రండి అఫ్వా, గాలి బాగా తగులుతుంది," అని చెయ్యి కూడా చాచింది.

వదిన అడుగు వేసింది. నేను ఆమె చీర కొంగు పట్టుకున్నాను.

"వద్దొదినా. వాన కొడతాది. నీ కంట్లో దుమ్ము పడితే ఏటి గతి? తల బయటికి పెడితే స్తంభం తగులుతాది. గాజులు లాగేస్తారు."

"దొంగోడు లాగాలంటే ముందు నాకు గాజులుండాలి కదే," అంది వదిన. "కన్ను ఎలాగూ పోయేదే. దాన్నెందుకే దాస్తావు? ఎక్కీద్దామే, బేగి."

"తర్వాత ఏసీ బండొస్తాది. నా మాటినొదినా."

చూపు తగ్గినప్పటి నుంచి ఆమె గడప దాటాలన్నా నా చెయ్యి పట్టుకోవాలి. ఆ చెయ్యి నేను ఇవ్వలేదు. బండి కదిలింది. దో మ్యా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని మాకేసి ఊపింది.

ఏసీ బండి గంటన్నర ఆలస్యంగా వచ్చింది. లోపల చల్లగా, శుభ్రంగా ఉంది. నేను గెలిచినట్టే అనిపించింది. వదినని ఎడంవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి శాలువా కప్పాను. ఆమె రొంటిన దోపుకున్న గుడ్డ తీసి, పసుపుకొమ్ము కుడిచేతిలో పట్టుకుని, ఎడంచేత్తో అద్దం తడిమింది. కింద, పైన, పక్కన తడిమింది.

"గడియ ఎక్కడే?"

గడియ లేదు. ఒకే పలక అద్దం, చుట్టూ రబ్బరు అతికి ఉంది. లోపలి చల్లదనానికి అద్దం అవతలివైపు ఆవిరి పట్టేసి తెల్లగా ఉంది. కొంగుతో తుడిచాను. అవతలి ఆవిరి ఇవతల తుడిస్తే పోతుందా? టికెట్లు చూసే ఆయన వస్తే, తలుపు కాస్త తీస్తారా, ముసలామె మొక్కుంది అని బతిమాలాను.

"తలుపు స్టేషనులోనే తెరుచుకుంటుంది అమే. నేను తీద్దామన్నా రాదు," అన్నాడు. అమే అంటే అమ్మా అని. మంచివాడే. "అద్దంలోంచి చూసుకోండి. ఏం చూడాలి?"

"రాయి," అన్నాను.

ఇన్సేన్‌లో తలుపులు తెరుచుకున్నాయి. దిగిపోదామన్నాను, పాత బండి వచ్చేదాకా కూర్చుందామన్నాను. ఎప్పుడొస్తుందని ప్లాట్‌ఫారం మీద ఒకతన్ని అడిగితే, మధ్యాహ్నం రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. చీకటి పడకముందే వంతెన దాటాలన్నది నా రెండో భయం. దిగనా వద్దా అని నేను గుమ్మంలో నిలబడి తేల్చుకునేలోగా తలుపులు మూసుకున్నాయి.

వదిన ముఖం అద్దానికి ఆనించి కన్ను పెద్దది చేసి చూస్తూ ఉంది. ఉన్న చూపు ఉంగరమంత. తల బయటపెట్టి ముందుకు చూస్తే గానీ వచ్చేది ఆ ఉంగరంలోకి రాదు. అద్దం మీద వాన ధార జారిన చోట వేలెడంత చార తేటగా ఉంది. ఆమె కన్ను ఆ చారని పట్టుకోలేకపోయింది. నాకు మాత్రం అందులోంచి అంతా కనపడింది. కట్ట, తుప్పలు, నీళ్ళు నిండిన గుంట, దాని పక్కన లైనమ్మ. కూలిపోయి ఉంటుందనుకున్నాను, ఎవరో పీకేసి ఉంటారనుకున్నాను. లేదు. నిలబడే ఉంది. ఎవరో కొత్తగా పసుపు పూశారు, రెండు మందారాలు కూడా పెట్టారు. పోయి ఉంటే బాగుండునని ఆ క్షణంలో అనుకున్నాను. దేవుడు నన్నేమన్నా అననీ.

"వచ్చిందేటే?"

"దాటిపోయిందొదినా."

"ఉందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "ఉంది. పసుపు పూసి ఉంది."

ఆమె పిడికిలి తెరిచి కొమ్ముని చూసుకుంది, కాదు, చూసినట్టు ముఖం వంచింది. "ఎన్నెన్నో జరుగుతాయని నువ్వు భయపడ్డావు," అంది. "దుమ్మన్నావు, దొంగలన్నావు, స్తంభాలన్నావు. ఇది మాత్రం నీ భయాల్లో లేదు కదే."

దన్యింగోన్ సంత వచ్చింది. పట్టాల పక్కనే కూరగాయల గుట్టలు, మొక్కజొన్నలు, చేపలు. యాంగోన్ చూడవచ్చినవాళ్ళు దిగి తప్పకుండా చూడండి, అంత కళకళలాడే చోటు ఈ దారిలో ఇంకోటి లేదు. మేము దిగలేదు. మింగళాడోన్ దాటాక పులిహోర పొట్లం విప్పాను. వదిన రెండు ముద్దలు తిని చాలంది. మిగతా సగం దారంతా ఆమె కళ్ళు మూసుకునే కూర్చుంది. స్టేషన్ల పేర్లు నేను పైకి చదువుతూ ఉన్నాను, ఆమె అడగకపోయినా. మధ్యాహ్నం రెండింటికి, ఎక్కిన చోటే దిగాం. చీకటి పడటానికి ఇంకా చాలా పొద్దుంది. వంతెన దగ్గర ఎవరూ బస్సు ఆపలేదు.

ఇంటి గుమ్మంలో ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుని కొమ్ము అందులో పెట్టింది. "కనపడింది నీకు. నువ్వే ఉంచుకో."

వానలు వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. నేను పక్కనుంటే వదిన నా గాజుల చప్పుడుతో పోల్చుకుంటుంది. ఏడాది తిరిగాక మళ్ళీ వెళ్దామొదినా అంటే, "ఎవులు సూడ్డానికే?" అంటుంది. కోపంగా కూడా కాదు. కోప్పడితే నాకు సుఖంగా ఉండేది. ఒకప్పుడు నా చేతికి కొమ్ము ఇచ్చి, బండిలో నా వెనక నిలబడి, విసరవే, భయపడకే అన్న మనిషి ఆమె. ఆ రోజు విసిరాను, ఆమె ఉందన్న ధైర్యంతో. ఆమె వంతు వచ్చిన రోజు పక్కన నేనున్నాను. మనిషికి ఏ కష్టమూ రాకూడదని నేను పడ్డ జాగ్రత్తంతా, ఆమెకి మిగిలిన ఒక్క చూపుకి అడ్డం నిలబడింది. కొమ్ము వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంది. కూరలో వెయ్యలేను, పారెయ్యలేను.

గుండ్రం రైలెక్కేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. బండి ఎంత కొత్తదైనా, ఎంత చల్లగా ఉన్నా, కూర్చునే ముందు కిటికీ మీద చెయ్యి పెట్టి తెరిచి చూడండి. తెరుచుకోకపోతే దిగిపోండి.