మెరక మట్టితోపాటు నేనూ జారాను

మూడేళ్ళ కిందట, నా అరవై తొమ్మిదో ఏట, కోరుకొండ దగ్గర వాలు స్థలంలో ఇల్లు మొదలుపెట్టాం. నలభై అడుగుల పొడవులో ఆరడుగుల పల్లం. టేపు పట్టి నేనే కొలిచాను. భూమి కంపించినా ఇల్లు జారకుండా, వాలునే మెట్లుమెట్లుగా తవ్వి గట్టినేల మీద పునాది వేయమన్నారు ఇంజనీరు. మా మేస్త్రీ మాత్రం పల్లంలో మట్టి పోయించి మెరక చేశాడు.

"కోనసీమలో అన్నీ మెరక మీదే కట్టానండి. ఒక్క గోడా బీటివ్వలేదు."

"అది చదును నేల. ఇది కొండవాలు."

"నువ్వూరుకోవే, ఆయనకి తెలీదేంటి?" అన్నారు మా ఆయన.

పదకొండు రోజులు ఇదే వాదన. పన్నెండో రోజు పొద్దున మెరక అంచున నిలబడి కొలుస్తుంటే కాళ్ళ కింద నేల వణికింది. ఐదు సెకన్లే. పోసిన మట్టితోపాటు నేనూ జారి, నడుం దాకా కూరుకుపోయాను. మా ఆయనా మేస్త్రీ పరుగెత్తుకొచ్చి చెరో రెక్కా పట్టి లాగారు. పక్కనున్న గట్టినేల చెక్కుచెదరలేదు.

మేస్త్రీ నెమ్మదిగా, "ఆ టేపిలా ఇవ్వండి అమ్మగారూ. మెట్లు ఎక్కణ్ణుంచి తియ్యమంటారు?" అన్నాడు.

నేను పదకొండు రోజులు చెప్పినది భూమి ఐదు సెకన్లలో చెప్పింది. ఇప్పుడు ఇల్లు చూడవచ్చిన వాళ్ళందరితో, "మెట్ల పునాది వేయించింది నేనే" అంటారు మా ఆయన. నడుం నొప్పి మాత్రం నాదే.