తెరిచి చూసినావా?

కృష్ణగిరిలో ఒక చిన్న ఛాతీ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు దాచే సర్వర్ చూసుకునే అక్క దగ్గర నేను పని నేర్చుకున్నాను. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌కు ముందు బ్యాకప్ తీశానంటే ఆమెకు చాలేది కాదు. "తీసినావు సరేనప్పా, తెరిచి చూసినావా?" అనేది. ఆ బ్యాకప్‌ను మూలనున్న పాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎవరిదో ఒక ఎక్స్‌రే తెరిచి, తెర మీద వేలు పెట్టి పక్కటెముకలు లెక్కపెట్టేది. అప్పుడు గాని "ఇంక కానీ" అనేది కాదు. వేప్పనపల్లిలో వాళ్ల నాయన కూడా మేకల్ని లెక్కపెట్టందే దొడ్డి తడిక వేయడట. నాకదంతా చాదస్తంగా తోచేది.

ఆమె సెలవులో ఉన్న రోజు నేను తెరిచి చూడకుండానే అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. అది మధ్యలో ఆగిపోయి, సర్వర్‌లో ఉన్నవన్నీ చెడిపోయాయి. వెనక్కి పోదామంటే బ్యాకప్ తెరుచుకోలేదు. అక్క వచ్చి మూడు రోజులు కూర్చున్నా పాత ఎక్స్‌రే ఒక్కటీ దక్కలేదు.

నాలుగో రోజు బర్గూరు నుంచి రాళ్లు కొట్టే ఆయన దగ్గుకుంటూ వచ్చాడు. క్వారీ దుమ్ముతోనే ఊపిరితిత్తులు పాడయ్యాయని చూపించడానికి, పనిలో చేరినప్పుడు ఇక్కడ తీయించుకున్న ఎక్స్‌రే కావాలన్నాడు. పోయిందని అక్క చెబితే, చొక్కా గుండీలు విప్పుకుని, "అయితే మళ్లీ తీయండమ్మా" అన్నాడు.

"ఇప్పటిది తీస్తారప్పా. అప్పటిది యాడ తెచ్చేది?" అంది అక్క.

ఆయన గుండీలు విప్పిన చొక్కాతోనే మళ్లీ దగ్గాడు. పక్కటెముకలు లెక్కపెట్టడానికి ఆ రోజు తెర అక్కర్లేకపోయింది.